రెండో గీత: ఆశా అక్క ఇచ్చిన నిశ్చయ్ కిట్టు గురించి నా అనుభవం

మాది నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట మండలంలో, మైపాడు పోయే దారిలో ఒక పల్లె. నాకు 25 ఏళ్ళు. ఇంట్లోనే జాకెట్లు కుడతాను. మా ఆయన రొయ్యల గుంటలు కౌలుకు చేస్తాడు. పెళ్ళయి రెండేళ్ళు దాటింది, ఇది మొదటి కాన్పు. మిక్సీ కొనాలన్నా, ఇస్త్రీ పెట్టె కొనాలన్నా ఫోన్‌లో పది మంది రాసింది చదివి కొంటాం. నెల తప్పిందో లేదో తెలియని ఆ రెండు మూడు వారాల్లో ఆడపిల్లకు కావలసిన వాటి గురించి మాత్రం మన తెలుగులో విడమరిచి రాసింది నాకు దొరకలేదు. అర్ధరాత్రి దుప్పటి కింద ఫోన్ పెట్టుకుని ఎంత వెతికానో నాకే తెలుసు. అందుకని నేనే రాస్తున్నాను.

ఆ రోజుల్లో నేను మెడికల్ షాపులో డబ్బు పెట్టి, కడుపు నిలిచిందో లేదో ఇంట్లోనే చూసుకునే ఒక కిట్టు కొన్నాను. ఆశా అక్క, అంటే మా ఊరి ఆశా కార్యకర్త, ఉచితంగా ఇచ్చిన నిశ్చయ్ కిట్టు వాడాను, అదీ అలాంటిదే. తొందరపడి ఒక స్కానింగ్‌కి పోయాను. తర్వాత మా ఊరి విలేజ్ క్లినిక్‌లో చూపించుకున్నాను. అన్నిటి గురించీ చెబుతాను గానీ, ఎక్కువ రాయాల్సింది ఆ ఉచిత కిట్టు గురించి, దాన్ని తెచ్చిన మనిషి గురించి.

నాకు చివరిసారి డేట్, అంటే నెలసరి, మొదలైంది 2025 జూన్ 14న. ఈ తేదీ గుర్తుంచుకోండి, లెక్కలన్నీ దీని నుంచే. నాకు 28, 29 రోజులకు తప్పకుండా వస్తుంది. అంటే జూలై 13 ప్రాంతంలో రావాలి.

జూలై 8న అత్తమ్మా నేనూ రొట్టెల పండక్కి నెల్లూరు పోయాం. అక్కడ కోరిక ఉన్నవాళ్ళు రొట్టె పట్టుకుంటారు, తీరినవాళ్ళు తర్వాతి పండక్కి వచ్చి రొట్టె వదులుతారు. బారాషహీద్ దర్గా పక్కన స్వర్ణాల చెరువులో, మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి అత్తమ్మ "సంతాన రొట్టె ఎవరి దగ్గరుందమ్మా" అని అడుగుతా ఉంటే, చంకలో బిడ్డనెత్తుకున్న ఒకామె మా దగ్గరకొచ్చి నా చేతిలో రొట్టె పెట్టింది. పోయిన పండక్కి తనూ ఇక్కడే పట్టుకుందంట. ఆ ముక్క తిని గట్టెక్కుతుంటే నా కాళ్ళు లాగేశాయి. జనం వల్ల, ఎండ వల్ల అనుకున్నాను. మైపాడు గేటు దగ్గర ఆటో ఎక్కితే ఇల్లు వచ్చేదాకా అత్తమ్మ భుజం మీద తల పెట్టి నిద్రపోయాను. పగలు నిద్రపోయే అలవాటు నాకు పుట్టి బుద్ధెరిగి లేదు.

అప్పటికే ఒంట్లో ఏదో మారుతోంది గానీ నాకు అర్థం కాలేదు. రొమ్ములు బరువెక్కి, జాకెట్టు రాసుకున్నా నొప్పి పుట్టేది. నా కొలతలు నాకు తెలుసు. నేను కుట్టుకున్న జాకెట్టే నాకు బిగుతైతే, ఒళ్ళు వచ్చిందేమో అని పక్క కుట్టు విప్పి అర అంగుళం వదులు చేసుకున్నాను. పొత్తికడుపులో సన్నగా లాగడం, డేట్‌కు ముందు ఎప్పుడూ వచ్చేలాగే. జూలై 9 రాత్రి లోపలి బట్టకు గోధుమ రంగు మరక కనిపించింది, బొట్టు బిళ్ళంత. నాలుగు రోజులు ముందే వచ్చేసిందని ప్యాడ్ పెట్టుకుని పడుకున్నాను. తెల్లారి చూస్తే ఏమీ లేదు. పోయిన ఏడాదిన్నరలో ప్రతి నెలా డేట్ వచ్చిన రోజు బాత్‌రూమ్‌లో కూచుని ఏడ్చినదాన్ని నేను. అందుకని ఆ మరక చూసి ఏడుపు రాలేదు, మొద్దుబారిపోయాను.

ఆ మరక ఏమిటో తర్వాత విలేజ్ క్లినిక్ మేడమ్ చెప్పింది. అండం విడుదలయ్యాక సుమారు ఆరు నుంచి పన్నెండు రోజుల మధ్య పిండం గర్భసంచి గోడకు అంటుకుంటుందంట. ఆ సమయంలో కొందరికి ఇలా కొంచెం మరక పడుతుంది, అందరికీ పడదు. నిద్ర ముంచుకు రావడం, పొట్ట ఉబ్బరం, రెండు రోజులకోసారి విరేచనం, ఇవన్నీ ప్రొజెస్టిరాన్ అనే హార్మోన్ పెరగడం వల్ల. అది పేగుల కదలికను నెమ్మదిస్తుందంట. ఇందులో సగం లక్షణాలు డేట్ వచ్చే ముందు కూడా ఉంటాయి. కాబట్టి లక్షణాలను బట్టి అవును, కాదు అని ఎవరూ తేల్చలేరు. ఈ ముక్క నాకు ముందే ఎవరన్నా చెప్పి ఉంటే ఆ వారం అంత నలిగిపోయేదాన్ని కాదు.

ఇక కొన్న కిట్టు సంగతి. జూలై 11న లైనింగ్ గుడ్డలకు, దారాలకు నెల్లూరు పోయాను. వచ్చేటప్పుడు ఒక మెడికల్ షాపులో ఆగాను. షాపు పేరుగానీ కిట్టు పేరుగానీ రాయను. కౌంటర్ ముందు నలుగురు మగవాళ్ళు నిలబడి ఉన్నారు. నేను మెల్లగా అడిగితే, ఆ పిల్లోడు లోపలికి తిరిగి "అన్నా, ప్రెగ్నెన్సీ కిట్ ఎంత?" అని గట్టిగా అరిచాడు. అందరూ తిరిగి చూశారు. 60 రూపాయలిచ్చి, పేపర్‌లో చుట్టించుకుని, తలొంచుకుని వచ్చేశాను. అరవకుండా ఇవ్వడానికి ఏం పోయేది? పెళ్ళయినా కాకపోయినా ఆ వస్తువు అడగడానికి ఆడపిల్ల ఎంత ధైర్యం కూడగట్టుకుని వస్తుందో కౌంటర్లో నిలబడేవాళ్ళకు తెలియాలి.

ఆ కిట్టులోని కాగితం మీద ఇంగ్లీషు, హిందీ ఉన్నాయి, తెలుగు లేదు. చీమ తలకాయలంత అక్షరాలు. నేను ఇంటర్ దాకా తెలుగు మీడియంలో చదివాను. బొమ్మలు చూసి నాకు తోచినట్టు చేశాను. మధ్యాహ్నం మూడింటికి, ఎండలో తిరిగొచ్చి రెండు చెంబుల మజ్జిగ తాగిన తర్వాత. డేట్‌కు ఇంకా రెండు రోజులుంది. ఒకటే గీత వచ్చింది, అంటే కడుపు లేదని. ఆ కార్డును బాత్‌రూమ్‌లో సబ్బు డబ్బా వెనక దాచాను. చీకటి పడ్డాక మళ్ళీ తీసి చూస్తే రెండో గీత ఉండాల్సిన చోట బూడిద రంగు నీడ! అవునా కాదా? ఎవర్ని అడగాలి? అత్తమ్మతో చెబితే ఆశ పెట్టుకుంటుంది. మా ఆయనకు చెబితే గుంటల కాడ పని మానుకుని కూచుంటాడు. మా అమ్మకు ఫోన్ చేద్దామని నంబరు నొక్కి కట్ చేశాను. ఆ రాత్రంతా ఫోన్ టార్చి వేసుకుని కార్డును అటూ ఇటూ తిప్పి చూశాను.

నేను చేసిన తప్పులన్నీ ఆశా అక్క దగ్గర నేర్చుకున్నాకే తెలిశాయి. ఈ కిట్లు మూత్రంలో హెచ్‌సీజీ అనే హార్మోన్‌ను పట్టుకుంటాయి. పిండం గర్భసంచికి అంటుకున్న తర్వాతే అది తయారవడం మొదలు పెడుతుంది, మొదటి వారాల్లో రెండు మూడు రోజులకోసారి రెట్టింపవుతుంది. మామూలు కిట్లు మిల్లీలీటరుకు 25 మిల్లీ యూనిట్ల దగ్గర గీత చూపిస్తాయి. డేట్‌కు ముందే చూస్తే అంత ఉండకపోవచ్చు. పైగా నేను తాగిన మజ్జిగంతా కలిసి మూత్రం పలచబడి ఉంది. కడుపు ఉన్నా కిట్టు లేదని చెప్పే అవకాశం ఎక్కువ. గంటల తర్వాత కనిపించిన బూడిద నీడ తడి ఆరిపోతే పడే గుర్తు కావచ్చు, దాన్ని నమ్మకూడదు.

జూలై 13 వచ్చింది, పోయింది. 14, 15 కూడా పోయాయి. నేను నోరు విప్పలేదు.

16న పొద్దున పదకొండు గంటలప్పుడు ఆశా అక్క జ్వరాల సర్వేకి వచ్చింది. తొట్లలో, కొబ్బరి చిప్పల్లో నీళ్ళు నిలబడ్డాయా, దోమ పిల్లలున్నాయా అని చూసుకుంటూ వసారాలోకి వచ్చేసరికి నేను కుట్టు మిషన్ మీద తల పెట్టి నిద్రపోతున్నానంట. తట్టి లేపింది.

"ఏం పాపా, ఒంట్లో బాగాలేదా?"

"ఏం లేదక్కా, నిద్ర చాలట్లేదు."

"డేట్ ఎప్పుడు?"

అంతే అడిగింది. నాకు గొంతు పూడుకుపోయింది. మూడు రోజులు దాటిందని చెప్పాను, కొన్న కిట్టు సంగతీ చెప్పాను. అక్క నన్ను తిట్టలేదు, నవ్వలేదు. లోపలికి తీసుకుపోయి తలుపు దగ్గరగా వేసి, సంచిలోంచి రెండు పొట్లాలు తీసి నా చేతిలో పెట్టింది. నిశ్చయ్ కిట్లు. ప్రభుత్వం ఆశా కార్యకర్తల ద్వారా, సబ్‌సెంటర్ల ద్వారా ఉచితంగా ఇచ్చేవి. రెండేళ్ళుగా మా వీధిలోకి ప్రతి వారం వచ్చే మనిషి సంచిలో ఇవి ఉంటాయని నాకు తెలియదు.

ఆ తర్వాత అక్క చెప్పిన మాటలు నేను జాకెట్టు కొలతల చీటీ వెనక రాసుకున్నాను. ఆ చీటీ ఇప్పుడు నా ఎదురుగానే ఉంది, చూసి రాస్తున్నాను. "రాత్రి పడుకోబోయే ముందు నీళ్ళు ఎక్కువ తాగొద్దు. తెల్లారి లేవగానే వచ్చే మొదటి మూత్రం శుభ్రమైన గిన్నెలో పట్టు. పొట్లం అప్పుడే చించు, ముందే చించి పెట్టుకోవద్దు. కార్డును చదునైన చోట పెట్టి, గుండ్రటి గుంటలో మూడు చుక్కలు వెయ్యి. ఫోన్‌లో అయిదు నిమిషాలు పెట్టుకో. కార్డు మీద సీ, టీ అని అక్షరాలుంటాయి. సీ దగ్గర గీత రాకపోతే కిట్టు పనిచేయనట్టు, దాన్ని లెక్కలోకి తీసుకోవద్దు. సీ దగ్గరా టీ దగ్గరా రెండూ వస్తే కడుపు. టీ దగ్గర గీత ఎంత లేతగా ఉన్నా సరే. పది నిమిషాలు దాటాక ఏం కనపడినా చూడొద్దు, పారెయ్. ఒకటే వస్తే మూడు రోజులాగి రెండోది వాడు." వెళ్ళబోతూ గడప దగ్గర ఆగి ఇంకో మాట అంది. "రెండు వచ్చినా నాకు చెప్పు, ఒకటే వచ్చినా నాకు చెప్పు పాపా. ఒకటే వస్తే ఒక్కదానివే కూచుని ఏడవొద్దు."

ఆ మాట ఏ పొట్లం మీదా రాసి ఉండదు. నేను ఈ రివ్యూ రాయడానికి సగం కారణం అదే.

జూలై 17, తెల్లారి అయిదుంపావు. మా బాత్‌రూమ్ పెరట్లో ఉంటుంది. లోపల లైటు సరిగా లేదని కార్డు పట్టుకుని తులసి కోట దగ్గరకొచ్చి నిలబడ్డాను. మొదట సీ దగ్గర ఎర్రగా పడింది. మూడో నిమిషంలో టీ దగ్గర, పాత గుడ్డ మీద సగం చెరిగిన చాక్ గీతలాగా, లేత గులాబీ రంగులో ఒకటి కనిపించింది. నాలుగో నిమిషానికి ఇంకొంచెం తేలింది. అప్పుడే మా ఆయన గుంటల కాడ రాత్రి కాపలా నుంచి వచ్చి సైకిల్ స్టాండ్ వేస్తున్నాడు. కార్డు చూపించాను. ఆయనకు అర్థం కాలేదు. "రెండు గీతలు" అన్నాను. అక్కడే తులసి కోట గట్టు మీద కూలబడిపోయాడు. కాసేపటికి లోపలికి పోయి వాళ్ళమ్మ కాళ్ళ దగ్గర కూచున్నాడు. అత్తమ్మ ఏడుస్తూ బయటికొచ్చి, నా తల నిమిరి, "మన చెరువు రొట్టె" అంది. నా లెక్కలో ఆ రొట్టె తినేనాటికే బిడ్డ కడుపులో ఉంది. ఆ మాట అత్తమ్మతో అనలేదు, అనను కూడా. వచ్చే పండక్కి రొట్టె వదలడానికి బిడ్డతో పోతాం.

కిట్టు గురించి నిజాయితీగా చెప్పాలంటే, చెప్పిన పని చెప్పినట్టు చేసింది. వాడటం తేలిక, గీత కళ్ళకు ఆనింది, పైసా ఖర్చు లేదు. అయితే ఇది ఒక్క ప్రశ్నకే జవాబు చెబుతుంది. ఎన్ని వారాలో చెప్పదు. గర్భం సంచిలోనే ఉందా, పక్కన ట్యూబులో ఉందా అన్నది ఏ కిట్టూ చెప్పలేదు. రెండు గీతలు చూసుకుని ఇంట్లో కూచుంటే చాలదు, తర్వాత ఒక మనిషి కావాలి. మెడికల్ షాపు కిట్టుతో నాకు రాని మనిషి ఈ కిట్టుతో పాటు వచ్చింది.

ఆ తర్వాత జరిగింది మాత్రం మంచిది కాదు. మా వదిన, అంటే మా ఆయన అక్క, ఫోన్‌లో విని "వెంటనే స్కానింగ్ తీయించండి, అశ్రద్ధ చేయొద్దు" అంది. ప్రేమతోనే అంది. ఆశా అక్క క్లినిక్‌కి రమ్మన్నా వినకుండా, మరుసటి రోజే జూలై 18న టౌన్‌కి పోయి ఒక ప్రైవేటు స్కానింగ్ సెంటర్లో 1,200 కట్టాం. లీటరు నీళ్ళు తాగించి రెండు గంటలు కూచోబెట్టారు. మూత్రం ఆపుకోలేక, కుర్చీ అంచున కూచుని గోడ మీద "ఇక్కడ లింగ నిర్ధారణ చేయబడదు" అన్న బోర్డును ఎన్నిసార్లు చదివానో. పడుకోబెట్టి పొట్ట మీద జెల్ రాసి చూసి, "ఏమీ కనపడట్లేదు. పది రోజులాగి రండి" అన్నారు. ఎందుకు కనపడట్లేదండీ అని అడిగితే రిపోర్టులో రాస్తామన్నారు. రిపోర్టు ఇంగ్లీషులో ఉంది. ఆటోలో మా ఆయన, నేను ఒక్క మాట మాట్లాడుకోలేదు. రెండో గీత అబద్ధమా? పోయిందా? టెన్షన్‌తో అన్నం ముద్ద దిగలేదు.

సాయంత్రం ఆశా అక్క వచ్చి నా పక్కన చాప మీద కూచుంది. నా వేళ్ళే పట్టుకుని లెక్కబెట్టింది. "జూన్ 14 నుంచి ఈ రోజుకు 34 రోజులు. అయిదు వారాలు కూడా నిండలేదు. అయిదు వారాలు నిండాక సంచి, ఆరు దాటాక గుండె. అదీ లోపల నుంచి చూసే స్కానింగ్‌లో. పొట్ట మీద నుంచి చూసే దాంట్లో ఇంకో వారం ఆలస్యంగా కనిపిస్తుంది. విత్తనం వేసిన మూడో రోజు మట్టి తవ్వి చూస్తే మొలక కనపడుతుందా పాపా?" వారాలు చివరి డేట్ మొదటి రోజు నుంచి లెక్కబెడతారని, కలిసిన రోజు నుంచి కాదని అప్పుడే తెలిసింది. ఈ ఒక్క లెక్క తెలియక ఎంతమంది నాలాగా ఏడ్చి ఉంటారో.

అక్క ఊరుకోబెట్టి పోలేదు, జాగ్రత్త కూడా చెప్పింది. ఒక పక్క కడుపులో భరించలేని నొప్పి వచ్చినా, రక్తం ఎర్రగా పోతున్నా, భుజంలో నొప్పి పుట్టినా, కళ్ళు తిరిగి పడిపోయినా తెల్లారేదాకా చూడొద్దు, వెంటనే 108కి ఫోన్ చెయ్యమంది. ట్యూబులో గర్భం నిలిస్తే అలా అవుతుందని, ఆలస్యమైతే ప్రాణానికే ముప్పని చెప్పింది. తన నంబరు మా ఆయన ఫోన్‌లోనూ ఎక్కించింది. ధైర్యం చెబుతూనే ప్రమాదం దాచకుండా చెప్పడం అందరికీ చేతకాదు.

రెండు రోజుల తర్వాత విలేజ్ క్లినిక్‌కి పోయాం. ఇక్కడ ఎక్కువ రాయడానికి లేదు, అంతా సవ్యంగా జరిగింది. మేడమ్ బరువు, బీపీ చూసింది, వేలు పొడిచి రక్తం చూసింది. హిమోగ్లోబిన్ 9.8 ఉంది. గర్భిణికి 11 కన్నా తక్కువుంటే రక్తహీనత కింద లెక్కంట. తల్లీబిడ్డల కార్డు రాసి, కాన్పు తేదీ మార్చి 21 అని వేసింది. చివరి డేట్‌కు 280 రోజులు కలిపితే వచ్చే తేదీ అది. ఫోలిక్ యాసిడ్ మాత్రలు ఇచ్చి రోజూ తప్పకుండా వేసుకోమంది. బిడ్డ మెదడు, వెన్నుపాము తయారయ్యే గొట్టం గర్భం నిలిచిన మొదటి నాలుగు వారాల్లోనే మూసుకుంటుందని, అది సరిగా మూసుకోవడానికి ఈ మాత్ర సాయం చేస్తుందని చెప్పింది. అంటే చాలామందికి కడుపని తెలిసేసరికే ఆ పని సగం నడిచిపోతుంది. బిడ్డ కావాలనుకున్నప్పటి నుంచే ఈ మాత్ర వేసుకోవడం మంచిదంట. పెళ్ళైన కొత్తలో మాకు బట్టలు, బంగారం గురించి చెప్పినవాళ్ళున్నారు గానీ ఈ మాత్ర గురించి చెప్పినవాళ్ళు లేరు. మీ ఇంట్లో కొత్త కోడలుంటే దయచేసి చెప్పండి.

ఇక వేవిళ్ళు. ఆరో వారం నిండగానే పట్టుకున్నాయి. వేవిళ్ళంటే పొద్దున పూట వాంతులు అనుకునేదాన్ని. నాకు పొద్దున, మధ్యాహ్నం, రాత్రి తేడా లేదు. అన్నిటికన్నా కష్టమైంది వాసన. మా ఆయన చొక్కాకు రొయ్యల మేత వాసన ఉంటుంది. పెళ్ళయినప్పటి నుంచి నాకు ఆ వాసనే తెలిసేది కాదు, ఆయన వాసన అదే అనుకునేదాన్ని. ఇప్పుడు గేటు తీసిన చప్పుడు వినగానే కడుపులో తిప్పేది. పాపం ఆయన పెరటి కుళాయి దగ్గరే స్నానం చేసి, మేత చొక్కా బయట దండెం మీదే ఆరేసి, వేరేది వేసుకుని లోపలికి వచ్చేవాడు. నోట్లో ఎప్పుడూ ఇనుప రుచి. కుట్టేటప్పుడు గుండుసూదులు పెదాల మధ్య పట్టుకుంటాం చూడండి, పొద్దస్తమానం అలాగే ఉండేది. కొత్త గుడ్డ గంజి వాసన పడక పది రోజులు మిషన్ మూసేశాను.

చేపల పులుసు సంగతి చెప్పకపోతే నేను నెల్లూరు పిల్లనే కాదు. అత్తమ్మ కొర్రమీను తెచ్చి, మామిడికాయ ముక్కలేసి, రాత్రి వండి తెల్లారి పెట్టే పులుసు కోసం నేను పుట్టింటి నుంచి ఒక రోజు ముందే వచ్చిన సందర్భాలున్నాయి. ఆ రోజు నా కోసమే కష్టపడి వండింది. చింతపండు రసం మరగడం మొదలవగానే నేను వీధి చివరికి పరుగెత్తాను. రామాలయం అరుగు మీద కూచుని ఏడ్చాను, అత్తమ్మ మనసు నొచ్చుకుంటుందని. నొచ్చుకోలేదు. దబరతో సహా పక్కింట్లో ఇచ్చేసి, ఆ రోజు నుంచి మా ఇంట్లో పోపులో వెల్లుల్లి కూడా వేయలేదు.

నాకు పనికొచ్చినవి రాస్తాను, అందరికీ పడతాయని చెప్పను. దిండు పక్కన చిన్న డబ్బాలో బొరుగులు. లేవకముందే గుప్పెడు నమిలి, పావుగంట పడుకుని అప్పుడు లేచేదాన్ని. కడుపు ఖాళీగా ఉంచకుండా రెండు గంటలకోసారి కొంచెం కొంచెం తినడం. నీళ్ళు అన్నంతో పాటు కాకుండా మధ్యలో గుక్క గుక్కగా తాగడం. మా చిన్నాన్న పొదలకూరు నుంచి ఒక సంచి నిమ్మకాయలు పంపాడు, వాటిలో ఒకటి ఎప్పుడూ కొంగున ఉండేది. గోటితో తోలు గిల్లి వాసన చూస్తే తిప్పడం తగ్గేది. ఒక వారం నీళ్ళు కూడా నిలవక, మూత్రం ముదురు పసుపు రంగులోకి వచ్చింది. అప్పుడు ఆశా అక్క "ఇది ఓర్చుకునేది కాదు" అని పీహెచ్‌సీకి తీసుకుపోయింది. డాక్టరమ్మ మాత్రలు రాసింది, రెండు రోజుల్లో తేడా తెలిసింది. వేవిళ్ళు అందరికీ ఉండేవేలే అని ఇంట్లో పెద్దవాళ్ళు అంటారు. నీళ్ళు నిలవకపోతే మాత్రం ఆ మాట వినొద్దు.

ఆగస్టు 9న పీహెచ్‌సీలో గర్భిణుల పరీక్షలు జరిగాయి. ప్రతి నెలా 9వ తేదీన ఈ పరీక్షలు ఉచితంగా చేస్తారు, 2016 నుంచి ఉన్న కార్యక్రమం. సరిగ్గా ఆ రోజుకు నాకు ఎనిమిది వారాలు. అక్కడి నుంచి నెల్లూరు పెద్దాసుపత్రికి స్కానింగ్‌కి రాసిచ్చారు. 12వ తేదీన పోయాం. ఈసారి ఆశా అక్క కూడా వచ్చింది. అక్కడి డాక్టరమ్మ తెర నా వైపు తిప్పి, చిక్కుడు గింజంత ఒకటి చూపించి, అందులో మిణుకు మిణుకుమంటున్న చుక్క మీద వేలు పెట్టి "గుండె, నిమిషానికి 168" అంది. నాకు మాట రాలేదు. బయటికొచ్చి చూస్తే ఆశా అక్క కళ్ళు తుడుచుకుంటోంది. ఎన్నో కడుపులు చూసిన మనిషి.

అత్తమ్మ మూడో నెల నిండేదాకా ఎవరికీ చెప్పొద్దంది. దిష్టి తగులుతుందని. ఆమె మాట నేను కాదనలేదు, ఊళ్ళో ఎవరికీ చెప్పలేదు. కానీ ఆశా అక్కకు, క్లినిక్‌లో మేడమ్‌కు ఆ మాట వర్తించదని నా గట్టి అభిప్రాయం. పన్నెండు వారాల లోపే పేరు రాయించుకుంటే మాత్రలు, పరీక్షలు, అంగన్‌వాడీలో గుడ్లు, పాలు అన్నీ వేళకు మొదలవుతాయి. మొదటి కాన్పుకు కేంద్రం ఇచ్చే 5,000 రూపాయల మాతృ వందన డబ్బుకు కూడా పేరు నమోదై ఉండాలి, అది రెండు విడతలుగా పడుతుంది. నా ఆధార్, బ్యాంకు పుస్తకం జిరాక్సులు అక్కే తీసుకుపోయి ఇచ్చింది.

ఇప్పుడు నాకు పన్నెండో వారం. తిప్పడం సగానికి తగ్గింది. మిషన్ మళ్ళీ తెరిచాను. అక్క ఇచ్చిన రెండు పొట్లాల్లో ఒకటి మిగిలిపోతే, తేదీ చూసి, ఎండ తగలకుండా బీరువాలో పెట్టాను. మొన్న ఎదురింటి కోడలు కొలతలు ఇవ్వడానికి వచ్చింది. టేపు చుట్టగానే నొప్పని వెనక్కు జరిగి, కాసేపాగి, "అక్కా, నాకు డేట్ నాలుగు రోజులు దాటింది. ఎవరికీ చెప్పలేదు" అంది. పొట్లం, కొలతల చీటీ రెండూ ఆ అమ్మాయి చేతిలో పెట్టాను. రెండు వచ్చినా, ఒకటే వచ్చినా నాకు చెప్పమన్నాను. ఆశా అక్క ఇల్లు రామాలయం వెనక సందులో మూడోది. పొద్దున ఎనిమిది లోపల పోతే ఇంట్లోనే ఉంటుంది.